కలుపు తీయడం కూడ ఒక విద్యయే

వనమహోత్సవం ఈ దేశంలో 1950లో ఆరంభమైనది. నాటి కేంద్ర ఆహార వ్యవసాయ శాఖామాత్యులు కె.యం. మున్షీ దానికి రూపకల్పన చేశారు. అప్పటినుండి ఏటేటా జులై నెల వచ్చేసరికి పాఠశాలల ఆవరణలలో గుంటలు తవ్వడం, అతిథులు వచ్చి మొక్కలు నాటడం, బాలబాలికలు నీరు పోయడం ఆనవాయితీగా సాగుతున్నది. ఉత్సవం మంచిది, ఉద్దేశం మరింత మంచిది. ఐతే ఇంతకాలపు అనుభవం తరువాత కొన్ని ప్రశ్నలు వేసుకోవలసి ఉన్నది. నాటిన మొక్క ఏ జాతిది? అది ఆ నేలకు తగినదేనా? గుంట తవ్వకముందు ఆ చోట ఏమి మొలిచేది? ఈ మూడింటికి సమాధానం చెప్పగల పాఠశాలలు బహు కొద్ది. ఎన్ని నాటారన్న లెక్క మాత్రం ప్రతి పాఠశాలలోను దొరుకుతుంది.

నాటడానికి ముందు నేర్చుకోవలసిన పని మరొకటి ఉన్నది. నేలమీద ఇదివరకే ఉన్న మొక్కలను చూచి, ఒక్కొక్కదానిని గుర్తించి, పొరుగుదానిని బ్రతకనీయనిదానిని తొలగించి, మిగిలినవాటికి చోటివ్వడం ఆ పని. రైతు దానిని కలుపుతీత అంటాడు. దానికి ఉత్సవం లేదు, శిలాఫలకం లేదు. ఐనప్పటికీ ఒక పేటలోని వనం తిరిగి తన సహజరూపం పొందడానికి ఈ పనియే ఆధారమని సిడ్నీ నగరంలో ఇద్దరు సోదరీమణులు చేసి చూపించారు.

సిడ్నీ ఓడరేవుకు ఉత్తరపు ఒడ్డున మోస్మన్ అనే పేట ఉన్నది. దానిని ఆనుకొని సముద్రజలాలలోకి చొచ్చుకొనివచ్చిన రాతిగట్టుమీద ఆష్టన్ పార్కు అనే వనం ఉన్నది. తెల్లవారు రాకపూర్వం ఆ తీరం బోరోగీగల్ అనే ఆదివాసులది. ఇసుకరాతి నేల, సారం తక్కువ. ఆ నిస్సారమైన నేలకే అలవాటుపడిన జామాయిలు జాతులు, బాంక్సియాలు, తుమ్మ కుటుంబానికి చెందిన వాటిల్ చెట్లు అక్కడ సహజంగా పెరుగుతాయి. చుట్టూ ఇళ్లు లేచిన తరువాత పెరళ్లలోని చెత్త, వాననీటి కాలువలు వనంలోకి రాసాగినవి. వాటితోపాటు అమెరికా ఖండంనుండి వచ్చిన లంటానా పొదలు, ఇళ్లవారు కంచెగా పెంచుకొన్న ఇతర దేశాల మొక్కలు అల్లుకొనిపోయినవి. అడవి ఉన్నట్లే కనిపించేది; దాని అడుగున మాత్రం ఆ నేలకు చెందిన మొలక ఒక్కటి లేచేందుకు వీలు లేకుండా పోయింది.

ఐలీన్ బ్రాడ్లీ (1911-1976), జోన్ బ్రాడ్లీ (1916-1982) ఆ పేటవాసులు. అక్కడి భూశిరానికి బ్రాడ్లీస్ హెడ్ అని పేరు ఉన్నది గాని, అది పద్దెనిమిదవ శతాబ్దపు నౌకాదళాధికారి ఒకరి పేరు, వీరిది కాదు. అక్కచెల్లెళ్లలో చిన్నవారైన జోన్ రసాయనశాస్త్రం చదువుకొన్నారు. ఇద్దరికీ నిత్యం ఆ వనంలో నడిచే అలవాటు. కలుపును తెగనరికి, నేలను బోసిచేసే పద్ధతి ఫలించకపోవడం వారు కళ్లార చూచారు. ఎంత నరికితే అంతకు రెట్టింపుగా కలుపు తిరిగివచ్చేది. నరికినచోట ఎండ సూటిగా పడుతుంది. కదిలించిన మట్టిలోని విత్తనాలు మేల్కొంటాయి. వాటిలో త్వరగా ఎదిగేవి కలుపు విత్తనాలే. శ్రమ అంతా శత్రువుకే ఎరువైనదన్నమాట.

1960లలో వారు వేరొక మార్గం పట్టారు. రోజూ నడకకు వెళ్లినప్పుడు కొద్దికొద్దిగా చేతితో కలుపు తీయసాగారు. చేతిలో చిన్న పనిముట్లే. క్రమంగా వారి అనుభవం మూడు సూత్రాలుగా రూపుకట్టింది. మొదటిది, వనం బాగా ఉన్నచోట పని ప్రారంభించి, చెడినచోటికి మెల్లగా జరగవలెను. రెండవది, మట్టిని వీలైనంత తక్కువగా కదిలించవలెను. తొలగించిన రాలుటాకులను తిరిగి యథాస్థానంలో కప్పవలెను. మూడవది, స్వస్థలపు మొక్కలు ఎంత వేగంగా తిరిగి లేస్తే అంతే వేగంగా కలుపు తీయవలెను గాని, మనుష్యుల తొందరనుబట్టి తీయరాదు.

ఈ మూడింటిలో మొదటి సూత్రం వినగానే వింతగా తోస్తుంది. చెడినచోట కదా మందు వేయవలసినది అని ఎవరైనా అంటారు. కాని నేల విషయంలో తర్కం వేరు. బాగా ఉన్నచోట నాలుగు కలుపుమొక్కలు తీస్తే, చుట్టూ ఉన్న సహజమైన మొక్కలే ఆ ఖాళీని నింపుతాయి. పూర్తిగా పాడైనచోట నాలుగువందలు తీసినా ఆ ఖాళీని నింపేవి మరి నాలుగువందల కలుపుమొక్కలే. తరగతిలో బోధించే ఉపాధ్యాయుడికి ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. విద్యార్థికి తెలిసినదానినుండి తెలియనిదానికి తీసుకొనిపోవడమే బోధనలోని పద్ధతి. నేలకు చికిత్స కూడ అదే మార్గంలో సాగవలసి ఉన్నది.

ఇరుగుపొరుగువారు వారికి తోడైనారు. పేటవాసుల సంఘం ఒకటి ఏర్పడింది. సుమారు 40 ఎకరాల మేర కలుపు వదిలిపోయి, ఆ తరువాత దారులవెంట, వాగు ఒడ్డులవద్ద మాత్రం అప్పుడప్పుడు చూచుకొంటే చాలునన్న స్థితి వచ్చింది. 1970లలో న్యూసౌత్‌వేల్స్ నేషనల్ ట్రస్టు ఈ పద్ధతిని స్వీకరించి ఇతర వనాలలో అమలుపెట్టింది. జోన్ మరణానంతరం ఆమె వ్రాతలను మిత్రులు కూర్చి 1988లో గ్రంథంగా ప్రకటించారు. ఆష్టన్ పార్కు నేడు సిడ్నీ హార్బరు జాతీయోద్యానంలో ఒక భాగం. ఆ నగరంలోని అనేక పేటలలో నేటికీ వారాంతపు సెలవులలో వృద్ధులు, విద్యార్థులు, ఉద్యోగులు తమ ఇంటి ప్రక్కనున్న వనంలో రెండుమూడు గంటలపాటు మోకాళ్లమీద కూర్చొని కలుపు తీస్తుంటారు.

ఇందులో తెలుగువారికి సంబంధించినది ఏమున్నదని ఎవరైనా అడుగవచ్చును. సిడ్నీలో కలుపుగా మారిన ఆ లంటానాయే తెలుగునాట తలంబ్రాల మొక్క. పంతొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో కలకత్తా వృక్షోద్యానానికి అలంకారార్థం తెచ్చిన ఆ మొక్క నేడు దేశంలోని అడవులను ఆక్రమించింది. రంగురంగుల పువ్వుల గుత్తులు చూచి తోటలో పెట్టుకొన్నవారు, పిట్టలు దాని పండ్లు తిని విత్తనాలను కొండలదాకా చేరవేస్తాయని ఊహించలేదు. దాని ఆకు పశువులకు విషం. దాని నీడలో గడ్డి మొలవదు. గడ్డి లేనిచోట లేడి నిలవదు.

రెండవది సర్కారు తుమ్మ. కొన్ని ప్రాంతాలవారు సర్కారు కంప అంటారు. దాని పుట్టిల్లు కూడ అమెరికా ఖండమే. ధాత కరువు దక్షిణదేశాన్ని పీడిస్తున్న కాలంలో, 1877లో, కడప జిల్లాలో దీనిని ప్రవేశపెట్టారు. మెట్టనేలలో వంటచెరకు కొరత తీర్చాలన్నది అప్పటి ఆలోచన. ఆ కోరిక తీరింది; దానితో ఆగలేదు. చెరువు గర్భాలు, వాగు గట్లు, బీళ్లు అన్నీ ఆ కంపే ఆక్రమించింది. దీనికి దూరపు బంధువైన జమ్మి అదే మెట్టనేలలో పుట్టినది. జమ్మి నీడన పైరు పెరుగుతుంది. కాయ పశువుకు మేత అవుతుంది. జమ్మిని తెలంగాణ ప్రభుత్వం 2014లో రాష్ట్రవృక్షంగా ప్రకటించింది. ఐనా దసరానాడు జమ్మి ఆకు పంచుకొనే ఊళ్లలో జమ్మిచెట్టు ఎక్కడున్నదో వెదకవలసివస్తున్నది. సర్కారు తుమ్మను మాత్రం వెదకనక్కరలేదు.

మూడవది వయ్యారిభామ. 1950ల నడుమ పూనా పరిసరాలలో కంటబడిన ఈ కలుపు కొద్ది దశాబ్దాలలో దేశమంతటా వ్యాపించింది. పాఠశాల ప్రహరీ ప్రక్కన తెల్లని చిన్నపువ్వులతో ఉండే ఈ మొక్కను చూడని విద్యార్థి ఉండడు. దాని పుప్పొడి వల్ల కొందరికి ఉబ్బసం, దురద వస్తాయి.

ఇవి పాతకాలపు పొరపాట్లు అనుకొని తృప్తిపడడానికి లేదు. ఇటీవలి సంవత్సరాలలో త్వరగా పచ్చదనం కనిపించవలెనన్న ఆత్రంతో పట్టణాలలో రహదారుల నడుమ కోనోకార్పస్ మొక్కలను బారులు తీర్చి నాటారు. వాటివల్ల ఇబ్బందులు తలెత్తడంతో గుజరాతు ప్రభుత్వం 2023లో ఆ మొక్కలను నాటరాదని నిషేధించింది. త్వరగా ఎదుగుతుంది, పశువు మేయదు, నీరు అడగదు అన్న మూడు గుణాలను చూచి మొక్కను ఎన్నుకొంటే, ఆ మూడు గుణాలే రేపు దానిని కలుపుగా మారుస్తాయి. 1877నాటి పాఠం ఇంకా కంఠస్థం కాలేదన్నమాట.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. స్వస్థలపు మొక్క అన్న మాటను కులగోత్రాల పట్టింపుగా అర్థం చేసుకోరాదు. మిరప, వేరుసెనగ, మొక్కజొన్న, జామ, బొప్పాయి అమెరికా ఖండంనుండి వచ్చినవే. సీతమ్మ పేరు పెట్టుకొన్న సీతాఫలమూ అక్కడిదే. బతుకమ్మలో తంగేడు, గునుగు పువ్వులు ఈ నేలవి. వాటి ప్రక్కన అంతే గౌరవంతో కూర్చున్న బంతి మెక్సికో దేశపుది. వినాయక పూజకు చెప్పిన ఇరవైయొక్క పత్రిలో దానిమ్మ ఉన్నది. దాని స్వస్థలం ఇరాను ప్రాంతం. వచ్చినది ఎక్కడనుండి అన్న ప్రశ్న ముఖ్యం కాదు. వచ్చిన తరువాత ఇరుగుపొరుగును బ్రతకనిస్తున్నదా లేదా అన్నదే పరీక్ష. సిడ్నీలో ఇంటిచెట్టు అయిన జామాయిలు తెలుగునాట అతిథి. తలంబ్రాల మొక్క మాత్రం రెండుచోట్లా ఆక్రమణదారే. మంచితనం మొక్కలో లేదు, చెడ్డతనమూ లేదు. ఏ నేలలో ఏ మొక్క ఎట్లా ప్రవర్తిస్తున్నదో చూచి తెలుసుకోవలసినదే.

మరొక అభ్యంతరం ఇంతకంటె బరువైనది. సర్కారు తుమ్మ ఎందరో పేదల పొయ్యికి కట్టె. ఎందరికో బొగ్గు కాల్చి బ్రతికే ఆధారం. తలంబ్రాల పొద చిన్నపిట్టలకు గూడు, సీతాకోకచిలుకలకు తేనె. వాటిని ఒక్కసారిగా పెరికివేస్తే నష్టపోయేది ఎవరు? సమాధానం బ్రాడ్లీల మూడవ సూత్రంలోనే ఉన్నది. ప్రత్యామ్నాయం ఎదిగినకొద్దీ మాత్రమే తొలగించవలెను. సిడ్నీలో కూడ చిన్నపిట్టలు లంటానాలో తలదాచుకొంటాయి. అందుచేత అక్కడి స్వచ్ఛందసేవకులు పొదలను విడతలవారీగానే తీస్తారు. యంత్రం తెచ్చి ఒక్కరోజులో శుభ్రంచేసే పద్ధతి పిట్టకూ పేదకూ ద్రోహం చేస్తుంది; చివరకు కలుపుకే లాభం కలిగిస్తుంది. నిదానం ఇక్కడ ఆలస్యం కాదు, న్యాయం.

బ్రాడ్లీల పద్ధతి అన్ని నేలలకు చాలదు. మట్టిలో పాత విత్తనం, వేరు మిగిలి ఉన్నచోటనే అది ఫలిస్తుంది. గనులు తవ్వి వదలివేసిన నేలలో ఏమీ మిగలదు. ఢిల్లీ పొరుగున గురుగ్రాంలో అటువంటి ఆరావళి కొండనేల నాలుగువందల ఎకరాలకు కొంచెం లోపుగా ఉండేది. అక్కడ 2010నుండి పౌరులు, విద్యార్థులు కలసి సర్కారు తుమ్మను తగ్గిస్తూ, ఆరావళి కొండలలోనే విత్తనాలు సేకరించి, నారు పోసి నాటుతూ వచ్చారు. రక్షితారణ్యాల పరిధి వెలుపల జీవవైవిధ్యాన్ని కాపాడుతున్న స్థలంగా దేశంలో మొట్టమొదటి గుర్తింపు 2022లో దానికే లభించింది. అక్కడ నాటడం తప్పనిసరి. ఐతే అక్కడివారు కూడ ముందు ఆ కొండలలో సహజంగా ఏమి పెరుగుతుందో తెలుసుకొన్న తరువాతనే నాటారు. నాటడానికి వేగం కంటె ముందు చదువు కావలెనన్న సంగతి రెండుచోట్లా ఒక్కటే.

పని నేర్పు విషయంలోను దేశీయమైన అనుభవం ఉన్నది. కార్బెట్ పులుల అభయారణ్యంలో లంటానాను తొలగించడానికి ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఆచార్యులు సి.ఆర్. బాబు, వారి సహచరులు అనుసరించిన మార్గం 2009లో ప్రకటితమైనది. పొదను మొత్తం పెల్లగించక, నేలకు కొద్దిగా దిగువన ప్రధానమైన వేరును నరికి, పొదను తలక్రిందులుగా వదలివేస్తారు. మట్టి కదలదు, పొద తిరిగి వేరు పట్టదు. ఎక్కడో మోస్మన్‌లో ఇద్దరు స్త్రీలు అనుభవంతో తెలుసుకొన్న రెండవ సూత్రమే ఇక్కడ హిమాలయపు పాదసీమలో మరొక రూపంలో అక్కరకు వచ్చింది.

పాఠశాలలు దీనిని ఎట్లా అందుకోగలవు? ఆవరణలోగాని, ప్రక్కనున్న పురపాలక ఉద్యానంలోగాని, చెరువుకట్ట దాపునగాని ఒక మూలను ఎన్నుకొనవచ్చును. ఆ మూలలో మొదటి సంవత్సరం ఏమీ నాటకుండ ఉండడమే మొదటి నియమం కావలెను. వానాకాలంలో ఏవి మొలుస్తున్నవో, వేసవికి ఏవి మిగులుతున్నవో విద్యార్థులు పేర్లతో వ్రాసుకొనవలెను. పేర్లు తెలియనప్పుడు ఊరిలోని పసులకాపరులను, నాటువైద్యులను, ముసలమ్మలను అడుగవలెను. ఆ తరువాత నిస్సందేహంగా గుర్తించగలిగిన రెండుమూడు పరదేశపు కలుపులను మాత్రం తీయవలెను. వయ్యారిభామను పువ్వు పూయకముందే, చేతికి తొడుగులు వేసుకొని తీయవలెను. ఉబ్బసం ఉన్న పిల్లలను ఆ దరికి పంపరాదు. ఏమీ మొలవని చోట మాత్రమే, ఆ పరిసరాలలోనే ఏరిన విత్తనం వేయవలెను.

ఇందులో గుర్తుపట్టడమే కష్టమైన పని. శిక్షణలేని కంటికి పువ్వున్న తలంబ్రాల మొక్క తోటమొక్కగాను, ఉత్తరేణి పిచ్చిమొక్కగాను కనిపిస్తాయి. చేయి మొదట ఉత్తరేణిమీదకే పోతుంది. వాకుడు, జిల్లేడు, వావిలి, విష్ణుక్రాంత, గరిక, ఉత్తరేణి అని వినాయకచవితినాడు పేరుపేరునా పూజలో సమర్పించేవారే, మరునాడు వాటిని రోడ్డు ప్రక్కన చూచి గుర్తించలేని స్థితి వచ్చింది. బజారులో కట్టగా కొన్న పత్రిలో ఏది ఏదో అమ్మేవాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత పూర్వులది; పెరటిలోని చెట్టును తక్కువగా చూచే స్వభావాన్ని ఎత్తిపొడవడానికి దానిని వాడేవారు. పెరటి చెట్టు పేరే తెలియని రోజు వస్తుందని వారు అనుకొని ఉండరు.

ఈ విషయం ఒక్క ప్రకృతిశాస్త్రపు ఉపాధ్యాయునిది కాదు. తెలుగు ఉపాధ్యాయునిది కూడ. పాండవులు ఆయుధాలు దాచినది జమ్మిచెట్టుమీద అని విరాటపర్వపు కథ విన్న ప్రతి విద్యార్థికీ తెలుసు. జమ్మిని చూచిన విద్యార్థి తరగతికి ఎందరు? పాత నిఘంటువులు పెక్కు పేర్లకు వృక్షవిశేషము అని మాత్రమే అర్థం చెప్పి ఊరుకొన్నవి. చెట్టు ఎదుట ఉన్న కాలంలో అంతకుమించి చెప్పనక్కరలేకపోయింది. చెట్టు కనుమరుగైతే ఆ మాటకు అర్థం వృక్షవిశేషముగానే మిగిలిపోతుంది. పద్యంలో ఆ పేరు ఎదురైనప్పుడు బోధించేవారికి చూపడానికి ఏమీ ఉండదు. ఒక పేటలోని ఉద్యానంలో తంగేడు, కలివె, వావిలి, జమ్మి తిరిగి నిలిస్తే, పిట్టలతోపాటు మాటలు కూడ తిరిగి వచ్చి వాలుతాయి.

ఇది ప్రభుత్వాలు మాత్రమే చేయగల పని కాదు. ఉత్తరువు ఒక రోజులో వెలువడుతుంది. వనం సంవత్సరాలు కోరుతుంది. వారానికి రెండు గంటలు, పదిమంది విద్యార్థులు, మొక్కలను ఎరిగిన ఒక ఉపాధ్యాయుడు, నాలుగు దోకుడుపారలు ఉంటే ఆరంభానికి చాలును. ఐలీన్, జోన్ మొదలుపెట్టినప్పుడు వారి వద్ద ఇంతకంటె తక్కువే ఉన్నది. రాబోయే జులైలో మొక్కలు నాటే పాఠశాలలు, గుంట తవ్వకముందు ఆ చోట ఏమి మొలిచి ఉన్నదో వంగి చూచి, దాని పేరు ఒక పుస్తకంలో వ్రాసుకొంటే మేలు. ఆ పుస్తకంలోని మొదటి పుట నిండేసరికి, నాటవలసినది ఏదో, నాటనక్కరలేనిది ఏదో పిల్లలకే తెలిసివస్తుంది.